బారో నన్నప్పా

కుడితి తొట్టిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి తవుడు ఉండలు చిదుముతోంది మహాదేవమ్మ. ఒక్క ఉండ మిగిలినా నవాబు తాగడు. మూతి పైకెత్తి, ముక్కు మీది తడి నాలుకతో తుడుచుకొని, ఇదా మీ ఇంటి మర్యాద అన్నట్టు చూస్తాడు. బిచ్చప్పకు ఆ పట్టింపులేవీ లేవు. తన తొట్టి అడుగు నాకేసి పక్కవాడి తొట్టిలోకి మెడ చాస్తాడు. రెండూ దేవణి జాతి ఎడ్లు. తెల్లని ఒళ్లు, మసి పూసినట్టు నల్లని మొహాలు. బిచ్చప్పను ఈనిన ఆవు బతకలేదు. చావు కన్ను దూడ మీద పడకుండా ఆ బిచ్చగాడి పేరు పెట్టి, ఇల్లిల్లూ తిరిగి పాలు అడుక్కొచ్చి, గుడ్డ పీలికతో నోట్లో పిండి సాకింది ఆమే.

జహీరాబాద్ చుట్టుపట్ల ఆ జోడీ తెలియనివాళ్లు లేరు. ఆ జోడీని తోలే నాగప్ప తెలియనివాళ్లు అసలే లేరు. కచ్చురం బండి కప్పు పీకేసి, నొగల మీద ఒక మోకాలు ఆనించి కూర్చొని, ముల్లుకర్ర ముట్టకుండా పందెం గెలిచే మనిషి ఈ దిక్కున అతనొక్కడే. కొన్నేళ్లుగా జాతర పాగా ఇంకో తలకు ఎక్కలేదు. ఎడ్లంటే గురులింగప్ప పటేలువి, తోలుడంటే నాగప్పది అని జనం చెప్పుకుంటారు. నాగప్ప పెళ్లాం మహాదేవమ్మ ఊసు ఆ మాటలో ఉండదు. ఉండాలని ఆమెకూ ఎప్పుడూ అనిపించలేదు.

నాగప్ప ఇంట్లో లేక వారమైంది. కొత్త ఇరుసు చేయిస్తానని మొగుడంపల్లి పోయాడు. ఒక ఇరుసుకు ఇంత ఆలస్యమెందుకని ఆమెకు లోపల పీకుతూనే ఉంది. గడప దాటిన మనిషి తిరిగి గడపలో కాలు పెట్టేదాకా పొయ్యిలో నిప్పు ఆరనివ్వని స్వభావం ఆమెది.

"బారో నాన్నప్పా."

వెనక నుంచి మగగొంతు. తొట్టిలో ఆమె చెయ్యి ఆగిపోయింది.

కొట్టం గుమ్మంలో పటేలు అల్లుడు విరూపాక్ష నిలబడి ఉన్నాడు. హైదరాబాదు నుంచి నిరుడే వచ్చాడు. ఇస్త్రీ పైజామా, కాళ్లకు బూట్లు. వెనక అతని అత్త పార్వతమ్మ, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని.

"బారో నాన్నప్పా," అన్నాడతను మళ్లీ, గొంతు పెంచి. బిచ్చప్ప ఒక చెవి ఊపాడు. నవాబు తోక ఎత్తి పేడ వేశాడు.

మూలన పేడ ఎత్తుతున్న బాలమణి గంపలోకి తల దూర్చింది. "అల్లునికి జవాబొచ్చింది," అంది గంపతోనే.

"నవ్వకే," అంది పార్వతమ్మ. "మహాదేవీ, గా మాట ఎట్లనాల్నో పిల్లగానికి జర నేర్పు."

"ఏ మాటమ్మా?"

"ఇంకా దాస్తవేందే. మీ ఆయన అంత ఇప్పి చెప్పిండు. పందెం ఆఖర్ల నువ్వు ఆడోళ్లల్ల నిలవడి పిలుస్తవట గద. అది ఇన్నంకనే ఎడ్లు పానం మీదికి తెచ్చుకోని ఉరుకుతయట. ఇన్నేండ్లు మా కొట్టంల ఉండుకుంట మాకే ఎరుక లేకపాయె."

బారో నన్నప్పా. అల్లుడన్నట్టు నాన్నప్పా కాదు. రా నా తండ్రీ అని. ఆమె పుట్టిన బీదరు దిక్కు కన్నడ మాట అది. అవి దూడలుగా ఉన్నప్పటి నుంచి మేతకు అలాగే పిలిచింది. జాతరలో పందెం తాడుకు అవతల, ఆడవాళ్లలో కలిసిపోయి నిలబడి, బండ్లు ఆఖరు మలుపు తిరగగానే అదే పిలుపు పిలిచేది. అంత గోలలో అది ఎవరికీ వేరుగా వినిపించదు, ఎడ్లకు తప్ప. అక్కడిదాకా వాటి దమ్ము చెదరకుండా కాచి తేవడం నాగప్ప పనితనం. కాచిన దమ్మును బయటికి లాగడం ఆమె వంతు. మూడో చెవిన పడితే మన పని ఒడిసినట్టే అని, ఆమె నోటి మీద అరచెయ్యి పెట్టి చెప్పినవాడు నాగప్పే.

"ఎప్పుడు చెప్పిండమ్మా?"

"పోయిననాడే. మొగుడంపల్లి రామ్‌కిషన్ దొర తన జోడి తోలుతందుకు రమ్మన్నడట. మా పటేలు ఇడువనన్నడు. ఇగ మీ ఆయన, నేను లేకున్నా మీ ఎడ్లు గెలిచే కిటుకు చెప్త, నన్ను ఇడువున్రి అన్నడు. ఏమాటకామాటే. ఉప్పు తిన్న ఇంటిని ఉత్తగ ఇడిసిపోలె." పార్వతమ్మ ఆమె మొహం చూసింది. "ఏందే, నీకు ఎరుక లేదా?"

"ఎరుకనేనమ్మా," అంది మహాదేవమ్మ.

చెయ్యి తొట్టిలోంచి తీసి కొంగుకు తుడుచుకుంది. ఎంత తుడిచినా తడి పోనట్టే ఉంది.

"ఎల్లుండి జాతరల నేను తోలుత," అన్నాడు విరూపాక్ష. "నువ్వు ఎప్పటి లెక్కనే పిలువు. అంతకన్న నీకు పనిలేదు."

"గెలువాలె," అంది పార్వతమ్మ, పోతూ పోతూ. "మా పటేలు మొండిపట్టు మీదున్నడు. సర్కారోళ్లు లెవీ కింద జొన్నలన్ని గొంచవోతున్రు. దున్నని ఎడ్లకు ఉలవలు ఏడికెల్లి తెచ్చి పెట్టాలె? ఓడితె పల్టన్ కాంట్రాక్టరుకు తోలుత అంటున్నడు. ఆయన వచ్చి టేషన్ కాడ దిగనే దిగిండు."

లడాయి మొదలై సైన్యానికి ఎడ్లు కావలసి వచ్చినప్పటి నుంచి ఆ కాంట్రాక్టరు వస్తూనే ఉన్నాడు. పల్టనుకు పోయిన ఎడ్లు బండ్లు లాగుతాయని కొందరంటారు. కోతకేనని కొందరంటారు. పోయిన ఎద్దు ఒక్కటన్నా మళ్లీ ఈ దారిలో నడవగా చూసినవాళ్లు మాత్రం లేరు.

వాళ్లు వెళ్లాక ఆమె తొట్టి ముందుకు జరిపింది. ఎడ్లు తాగలేదు. నవాబు ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. బిచ్చప్ప కూడా మూతి దించలేదు. పిలవనిది అవి తినవు. ఆమె గుమ్మం వైపు ఒకసారి చూసి, తన కొట్టంలో తానే దొంగతనం చేస్తున్నట్టు, పెదవులు కదిపీ కదపకుండా పిలిచింది.

మర్నాడు ఎడ్లకు నాడాలు కొట్టించడానికి రైలుకట్ట పక్కన ఉండే ముసలి నాల్‌బంద్ దగ్గరికి ఆమే తోలుకుపోయింది. ఎప్పుడూ నాగప్ప చేసే పని. ముసలాయన, అతని తమ్ముడు తాళ్లు వేసి బిచ్చప్పను పక్కకు పడేశారు. నాలుగు కాళ్లూ కట్టి కర్రకు బిగించారు. ఆమె దుమ్ములో చతికిలబడి వాడి తల ఒళ్లోకి తీసుకొని, పైకున్న కన్ను మీద కొంగు కప్పింది. సుత్తి పడ్డప్పుడల్లా వాడి మెడ నరం ఆమె తొడ మీద అదిరింది.

"ఇగో."

తల ఎత్తకుండానే తెలిసింది. చెప్పులు కొత్తవి. కిర్రుమంటున్నాయి.

"ఇరుసు దొరికిందా?" అంది.

నాగప్ప పక్కన గొంతుక్కూర్చున్నాడు. తలకు ఎర్ర రుమాలు, దాని మడతలు ఇంకా విడలేదు. "చెప్పాల్ననే అనుకున్న. చెప్తె ఏడుస్తవని చెప్పలె."

"నేను ఏడుస్తనని నాకు చెప్పకపోతివి. పటేలింట్ల ఎవలు ఏడుస్తున్నరని పోయి చెప్పితివి?"

నాల్‌బంద్ సుత్తి ఒక్కసారి ఆగింది. "జర గట్టిగ పట్టు బిడ్డా," అని మళ్లీ కొట్టాడు.

"పటేలు ఉత్తగ ఇడుస్తడా? ఏదన్న ఒకటి ఆయన చేతుల పెట్టాలె. నా తాన ఏమున్నది పెడ్తందుకు?" నాగప్ప గడ్డిపరక తుంచి పళ్ల మధ్య పెట్టుకున్నాడు. "మాటనే గద ఇచ్చిన. నిన్ను ఇయ్యలె గద."

"మాట నాది."

"అందుకే ఇను." ముసలాయన వైపు చూసి గొంతు తగ్గించాడు. "మాట ఇచ్చిన గని గొంతు ఇయ్యలె. రేపు నువ్వు పో. వాళ్లందరు సూసేటట్టు ముందల నిలవడు. పిలువకు. గంతే. గాలి అవుతలికి కొట్టింది, ఎడ్లకు ఇనవడలేదు అను. రామ్‌కిషన్ దొర ఎడ్లు మస్తు ఎడ్లు. గెలుస్త. గెలిచినంక నిన్ను తోల్కపోత. పెంకుటిల్లు ఇస్తన్నడు దొర."

ఆమె అతని మొహం చూసింది. అందులో తప్పు చేసినవాడి బెరుకు ఏ మూలనన్నా కనిపిస్తే పట్టుకుందామని వెతికింది. అతను గడ్డిపరక నములుతూ, ఉపాయం బాగుంది కదా అన్నట్టు ఆమె మెప్పు కోసం చూస్తున్నాడు. ఒకే బర్రెను ఇద్దరికి అమ్మినవాడు సంతలోంచి ఇలాగే వస్తాడు కాబోలు.

"వీళ్లు?" అంది.

"ఎవలు?"

ఆమె బిచ్చప్ప నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఎడ్లకేంది. దొర తాన మస్తున్నయి ఎడ్లు."

అంటూనే అలవాటుగా చెయ్యి చాపి బిచ్చప్ప గంగడోలు నిమిరాడు. కట్టేసి పడుకోబెట్టిన ఎద్దు మెడ తిప్పగలిగినంత తిప్పి అతని మణికట్టు నాకింది. నాగప్ప ఆ చెయ్యి ధోవతికి తుడుచుకొని లేచాడు.

"ఓడితె పటేలు నన్ను కొట్టంల ఉండనిస్తడా?"

"గా నాలుగొద్దులు ఏడనో ఒకాడ ఉండు. నేను రానా?" అని కిర్రుకిర్రుమంటూ నడిచిపోయాడు.

నాల్‌బంద్ ఆఖరు మేకు తల నరికి, ఆకురాయితో గీశాడు. రెండో ఎద్దును పడేసే ముందు ఒక చెంబు నీళ్లు తెచ్చి ఆమె పక్కన పెట్టి వెళ్లాడు.

ఝరాసంగం జాతరలో పందెం, జొన్న కోసిన నల్లరేగడి చేలలో. కొయ్యకాళ్లు పీకి, నేల చదును చేసి, ఆ చివర ఒక గుండురాయి పాతారు. బండ్లు ఇక్కడ బయలుదేరి, గుండును చుట్టి, వేపాకు కట్టిన తాడు దగ్గరికి తిరిగి రావాలి. ఇన్నేళ్లూ ఆమె ఆడవాళ్ల వెనక వరసలో, గాజుల గంపలవాళ్ల మధ్య ఎక్కడో నిలబడేది. ఈసారి పార్వతమ్మ చెయ్యి పట్టి తీసుకెళ్లి ముందు వరసలో నిలబెట్టింది. "ఈమెనే," అని పక్కవాళ్లకు చూపించింది. ఆడవాళ్లు మెడలు చాచి, గారడీ చేసేవాళ్లను చూసినట్టు చూశారు.

"మొకం గట్ల వెట్టకు," అంది బాలమణి పక్కకు వచ్చి. "కోడి గుడ్డు పెట్టేముందు గిట్లనే ఉంటది."

డప్పు మోగింది. బండ్లు కదిలాయి. ఆమెకు చక్రాల కంటే ముందు మనుషులు కనిపించారు. విరూపాక్ష మొదటి ఉరుకులోనే నిలబడి అరుస్తున్నాడు. అందరికన్నా ముందున్నాడు. జనం ఈలలు వేశారు. అక్కడే అంత ఉరికిస్తే తిరుగుదారికి ఏం మిగులుతుంది? నాగప్ప బండి వెనక ఉంది. మోకాలు నొగ మీద, భుజాలు వదులుగా. అతని వీపు చూస్తే చాలు ఆమెకు, దాస్తున్నాడని. ఆ వీపు కోసం ఎన్ని జాతరల్లో కళ్లు కాయలు కాచాయో. ఇప్పుడు దాని ముందున్న ఎడ్లు వేరేవి.

గుండు దగ్గర దుమ్ము లేచి అంతా కలిసిపోయింది. దుమ్ములోంచి మొదట బయటపడ్డది నాగప్ప. తర్వాత చాలా ఎడంలో నవాబు, బిచ్చప్ప. నోళ్ల నుంచి నురుగు దారాలై వేలాడుతోంది. విరూపాక్ష వంగి ముల్లుకర్రతో బిచ్చప్ప తోక మొదట్లో పొడిచాడు. పుట్టాక వాడి ఒంటికి ముల్లు తగిలింది లేదు. పొడిస్తే ఉరకాలని వాడికి తెలియదు. నొప్పికి పక్కకు ఒరిగి నవాబును గుద్దాడు. బండి ఊగింది. విరూపాక్ష మళ్లీ పొడిచాడు. తెల్లని తొడ మీద ఎర్రగా గీత దిగింది.

"పిలువే," అంది పార్వతమ్మ.

పిలిస్తే మొగుడు ఉండడు. పిలవకపోతే వీళ్లు ఉండరు. ఎటు చూసినా ఎవరో ఒకరిని సాగనంపడమే.

అప్పుడు నాగప్ప ఆమె వైపు చూశాడు. పందెంలో కళ్లు ఎడ్ల చెవుల మీదనే ఉండాలనే మనిషి, ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆమె ఎక్కడ నిలబడిందో చూడని మనిషి, ఆడవాళ్లలో వెతికి ఆమెను పట్టుకున్నాడు. పట్టుకొని, గడ్డం చిన్నగా కిందికి ఆడించాడు. అట్లనే ఉండు అన్నట్టు. బాగ చేస్తున్నవ్ అన్నట్టు.

ఆమె ఆ చూపులోంచి తన కళ్లు తీసేసుకుంది.

"బారో నన్నప్పా. బా, బా. బారో నన్నప్పా."

కోపంతో పిలవలేదు. కోపంతో పిలిస్తే ఆ గొంతుకు ఎడ్లు రావు. సందెవేళ కొట్టంలో, చేతికి తవుడు అంటుకొని ఉండగా ఎలా పిలుస్తుందో అలాగే పిలిచింది. చుట్టూ ఆడవాళ్లు వినడానికి నోళ్లు మూసుకున్నారు కాబట్టి ఈసారి అది చేను అంచు దాకా వినిపించింది.

నవాబు తల ఎత్తాడు. బిచ్చప్ప నొప్పి మరిచిపోయాడు. రెండు మెడలూ ఒకే కాడి కింద ఒకేసారి కిందికి వంగాయి. విరూపాక్ష వెనక్కి పడబోయి బండి బద్ద పట్టుకున్నాడు. ఇక ఆ బండిని తోలుతున్నది ఎవరూ లేరు.

అయినా ముందున్నది నాగప్పే. ఇంకో పది బారలు అలాగే పోతే పాగా అతనిదే. ఆ పిలుపు అతని చెవినా పడింది. పిలుపు వినగానే పగ్గాలు పూర్తిగా వదిలేసి ఎడ్లను వాటి ఇష్టానికి పోనివ్వడం ఇన్నేళ్లుగా అతని పద్ధతి. అతను తలచుకోలేదు, చేతులే తలచుకున్నాయి. పిడికిళ్లు విడాయి, పగ్గాలు వదులయ్యాయి. మొగుడంపల్లి ఎడ్లకు ఆమె ఎవరో తెలియదు. పగ్గం సడలిందంటే వాటి లెక్కలో పని అయిపోయిందని. అడుగు చిన్నదైంది. నాగప్ప ఉలిక్కిపడి లాగి పట్టేసరికి తెల్లటి ఒళ్లు రెండు అతని పక్క నుంచి దూసుకుపోయాయి.

తాడు తెంపుకొని కూడా అవి ఆగలేదు. ఆడవాళ్లు కేకలు వేస్తూ చెదిరిపోయారు. ఆమె కదల్లేదు. ఎడ్లు వచ్చి ఆమె ముందు ఆగి, రొప్పుతూ, నురుగు మూతులు ఆమె చేతుల్లోకి తోశాయి. చేతుల్లో ఏమీ లేదు. బిచ్చప్ప రెండు అరచేతులూ నాకి చూసి, ఇంకా వెతికాడు.

పాగా విరూపాక్ష తలకు చుట్టారు. "పాగ అల్లునికి, పేడ మనకు," అంది బాలమణి. పటేలు కాంట్రాక్టరును వెనక్కి పంపేశాడు. ఎర్ర రుమాలు చేతిలో పట్టుకొని పోతున్న నాగప్పను ఎవరో వెనక నుంచి అడిగారు. "ఏం నాగప్పా, ఇన్నేండ్లు నువ్వు తోలినవా, మీ ఆడామె తోలిందా?" అందరూ నవ్వారు. అతను వెనక్కి తిరగలేదు.

మరునాటి పొద్దున ఖాళీ బండి కట్టుకొని కొట్టానికి వచ్చాడు. ఆమె బిచ్చప్ప పుండుకు పసుపు పెట్టి, కత్తిపీట ముందు కూర్చొని సొప్ప నరుకుతోంది.

"ముంచినవ్," అన్నాడు.

"నేను వీళ్లను పిలిచిన. నీ చేతులను పిలువలె. అవెందుకు ఇడిసిపెట్టినయి?"

రాత్రంతా అదే తనను తాను ప్రశ్నించుకున్నట్టు అతని కళ్లు గుంటలు పడ్డాయి. గుంజకు ఆనుకున్నాడు. ఎడ్లు అతన్ని చూసి ముక్కులు ఎగబీల్చాయి.

"సరే. అయిపోయింది. సామాను సదురుకో. పోదం."

కత్తి మీద ఆమె చెయ్యి ఆగింది. ఓడిపోయి కూడా వచ్చాడు. అంత జరిగినా తన కోసం బండి కట్టుకొని వచ్చాడు. పెట్టె ఎక్కడుంది, ముంత ఎక్కడుంది అని మనసు అప్పుడే సర్దడం మొదలుపెట్టింది కూడా.

"ఓడినంక గూడ పెంకుటిల్లు ఇస్తన్నడా దొర?"

"ఇస్తన్నడు. మంచోడు. రెండు దూడలు గూడ కొంట అన్నడు. ఏండ్లు పట్టినా సరే అన్నడు."

"దూడలు ఎందుకు?"

నాగప్ప గుంజ మీది బెరడు గోటితో గీకాడు. "నువ్వు సాకుతవని."

"నన్ను రమ్మన్నది నువ్వా? దొరనా?"

"ఎవలైతేంది. పోవుడైతె పోవుడే గద."

"నేను రాకపోతే?"

అతను గోట్లో ఇరుక్కున్న బెరడు పీకి పారేశాడు. "నువ్వు లేకుండ నన్ను పెట్టుకోడట. ఆమె లేందే నువ్వెందుకు అన్నడు."

మహాదేవమ్మ సొప్ప ముక్కలు గంపలోకి ఎత్తింది.

"పటేలుకు ఒకపాలి ఇస్తివి. దొరకు ఒకపాలి ఇస్తివి. నా తాన ఇంక ఏమన్న మిగిలితె నేనే ఉంచుకుంట," అంది. "నేనొస్తె వీళ్లను పిలిచేటోళ్లు లేరు. నువ్వు పో."

"ఒక్కన్నే పొమ్మంటవా?"

"వచ్చేటప్పుడు ఒక్కనివే వస్తివి గద."

నాగప్ప బండి దాకా పోయాడు. నొగ మీద చెయ్యి వేసి, ఎక్కకుండా నిలబడిపోయాడు. పెళ్లయిన నాటి నుంచి ఆమెను ఇగో అన్నాడు, ఏమే అన్నాడు. పేరు పెట్టి పిలవాల్సిన అవసరం అతనికి పడలేదు.

"మహాదేవీ," అన్నాడు.

ఎడ్లు రెండూ తలలెత్తి అటు చూశాయి. ఆ గొంతు వాటికి తెలుసు.

ఆమె వంగి ఇంకో సొప్ప కట్ట విప్పింది.